ఉపాధ్యాయుడైన శిక్షకుడు: సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963) ఫుట్‌బాల్ శిక్షణ, వారసత్వం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

హైదరాబాదు నగరం భారత ఫుట్‌బాల్‌కు అందించిన శిక్షకులలో సయ్యద్ అబ్దుల్ రహీం అగ్రగణ్యులు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణపతకాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఈ విజయాలను ఒక ప్రతిభావంతుని వ్యక్తిగత ఘనతగా చెప్పుకోవడం పరిపాటి. రహీం విశ్వవిద్యాలయ క్రీడాకారుడు, వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు అనే రెండు విషయాలను ఆధారం చేసుకొని, ఆయన శిక్షణను ఒక బోధనపద్ధతిగా అర్థం చేసుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ పద్ధతికి పునాది వేసిన సామాజిక నేపథ్యం, దాని లక్షణాలు, అది అంతర్జాతీయ పోటీలలో నిగ్గుదేలిన తీరు, రహీం మరణానంతరం అది సంస్థాగతంగా నిలవలేకపోవడానికి గల కారణాలు ఇందులో క్రమంగా చర్చించబడ్డాయి.

కీలకపదాలు: సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాదు, ఉస్మానియా విశ్వవిద్యాలయం, సిటీ పోలీస్ జట్టు, ఫుట్‌బాల్, శిక్షణ పద్ధతి, మౌఖిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు ఆధునిక చరిత్రను పరిశీలించే రచనలలో రాజకీయోద్యమాలకు, గ్రంథాలయోద్యమానికి, రైతాంగ పోరాటానికి, సాహిత్య సంస్థలకు విస్తృతమైన చోటు లభించింది. అదే నగరంలో సాయంత్రం వేళ మైదానాలను నింపిన ఆటకు చరిత్రరచనలో దక్కిన చోటు చాలా చిన్నది. క్రీడను వినోదంగా, వార్తగా మాత్రమే చూసే అలవాటు ఇందుకు ఒక కారణం. ఈ ఆటతో జీవించిన కుటుంబాలలో అధికభాగం ఉర్దూ, దక్కనీ, తమిళం మాట్లాడేవి కావడం మరొక కారణం. వారి జ్ఞాపకాలు తెలుగు పాఠకుని చేరలేదు. ఆంగ్లంలో భారత ఫుట్‌బాల్ చరిత్ర మీద బోరియా మజుందార్, కౌశిక్ బందోపాధ్యాయల ‘గోల్‌లెస్’ (2006), నోవీ కపాడియా ‘బేర్‌ఫుట్ టు బూట్స్’ (2017) వంటి గ్రంథాలు వెలువడ్డాయి. 2024లో రహీం జీవితం ఆధారంగా ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం విడుదలై ఆయన పేరును కొత్త తరానికి పరిచయం చేసింది.

చలనచిత్రం నాయకుణ్ణి చూపిస్తుంది. ఆ నాయకుడు ఎక్కడ తయారయ్యాడు, ఏ సంస్థలు అతనికి అండగా నిలిచాయి, అతని విద్య తరువాతి వారికి ఎంతవరకు అందింది అన్న ప్రశ్నలు చరిత్ర విద్యార్థివి. రహీంను స్మరించుకోవడమంటే ఆ ప్రశ్నలకు సమాధానం వెతకడమేనన్నది ఈ వ్యాస రచనకు ప్రేరణ.

2. నేపథ్యం: విశ్వవిద్యాలయం, కళాశాల, క్లబ్బు

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఆయన బాల్యంలోనే నగర విద్యారంగంలో ఒక పెద్ద మార్పు వచ్చింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఉన్నత విద్యను ఆంగ్లంలో కాక ఉర్దూలో బోధించాలన్న సంకల్పం దాని ప్రత్యేకత. శాస్త్ర, వైద్య గ్రంథాలను సైతం ఉర్దూలోకి అనువదించేందుకు ప్రత్యేక విభాగం పనిచేసింది. బయటి జ్ఞానాన్ని స్వీకరించి, దానిని స్థానిక విద్యార్థికి అర్థమయ్యే మాటలో చెప్పాలన్న ఆదర్శం ఆ సంస్థ ఊపిరి. పట్టభద్రుడైన రహీం తరువాతి కాలంలో యూరప్ ఆట తీరును హైదరాబాదు కుర్రవాళ్ళకు వారి భాషలో బోధించిన విధానాన్ని ఈ వాతావరణం నుంచి వేరుచేసి చూడలేము.

విద్యార్థి దశలో ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయ జట్టులో ఆడారు. మూసీ ఒడ్డున హైకోర్టుకు సమీపంలో ఉన్న సిటీ కాలేజి పూర్వ, వర్తమాన విద్యార్థులు కలిసి నడిపిన ‘ఎలెవెన్ హంటర్స్’ జట్టులోనూ, ఆ తరువాత స్థానిక లీగులో పేరున్న ఖమర్ క్లబ్బులోనూ ఆడారు. చదువు ముగిసినా కళాశాల మైదానంతో సంబంధం తెగకుండా ఇటువంటి జట్లు చూసేవి. పెద్దవాళ్ళ ఆట చూస్తూ చిన్నవాళ్ళు నేర్చుకునేవారు. వేరే శిక్షణాలయం లేని కాలంలో కళాశాల మైదానమే శిక్షణాలయంగా పనిచేసింది.

పట్టా పొందిన తరువాత రహీం ఉపాధ్యాయవృత్తి చేపట్టారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ ప్రాంతాల పాఠశాలలలోనూ, దారుల్ ఉలూమ్ ఉన్నత పాఠశాలలోనూ పనిచేశారు. వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది పాఠశాలలలో క్రీడల బాధ్యత వహించారు. 1940ల తొలి సంవత్సరాలలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యి, మరణించేవరకు ఆ బాధ్యతలో కొనసాగారు. ఉపాధ్యాయుడు, సంఘ కార్యదర్శి, శిక్షకుడు అనే మూడు పాత్రలు ఒకే వ్యక్తిలో కలవడం ఇక్కడ ముఖ్యాంశం. కుర్రవాణ్ణి బడిలో గుర్తించి, సంఘం నిర్వహించే పోటీలలో ఆడించి, పెద్ద జట్టులోకి తీసుకువెళ్ళే దారి మొత్తం ఒకే మనిషి కళ్ళముందు ఉండేది.

3. సిటీ పోలీస్ జట్టు: ఆట, ఉద్యోగం, గౌరవం

నాటి భారత ఫుట్‌బాల్‌కు కలకత్తా రాజధాని. సిమ్లాలో 1888లో మొదలైన డ్యూరాండ్ కప్, బొంబాయిలో 1891లో మొదలైన రోవర్స్ కప్, కలకత్తాలో 1893లో మొదలైన ఐ.ఎఫ్.ఏ. షీల్డ్ దేశంలో ప్రతిష్ఠాత్మకమైన పోటీలు. మొదట వాటిలో బ్రిటిష్ సైనిక దళాలదే పైచేయి. ఆ తరువాత కలకత్తా క్లబ్బులు బలపడ్డాయి. ఈ రంగంలోకి దక్కను నుంచి వచ్చిన ఒక పోలీసు జట్టు దశాబ్దానికి పైగా తన ముద్ర వేసింది.

రహీం 1950లో హైదరాబాదు సిటీ పోలీస్ జట్టు శిక్షణ బాధ్యత స్వీకరించారు. ఆ ఏడాది నుంచి 1954 వరకు ఆ జట్టు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ప్రపంచయుద్ధం, దేశవిభజన కాలాలలో ఆగిపోయి 1950లో తిరిగి మొదలైన డ్యూరాండ్ కప్‌ను మోహన్ బగాన్‌ను ఓడించి సాధించింది. 1954లో, 1957లో మళ్ళీ డ్యూరాండ్ విజేత అయ్యింది. ఆంధ్రప్రదేశ్ అవతరణ తరువాత కొంతకాలానికి జట్టు ఆంధ్రా పోలీస్ పేరుతో బరిలోకి దిగి 1961లో అదే కప్పును గెలుచుకుంది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956–57, 1957–58 సంవత్సరాలలో వరుసగా రెండుసార్లు సాధించింది.

ఈ విజయాల కాలాన్ని జాగ్రత్తగా గమనించాలి. 1948 సెప్టెంబరు సైనికచర్యతో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. పాలనా వ్యవస్థ మారింది. ఉర్దూ క్రమంగా కార్యాలయాల నుంచి తప్పుకుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధనా మాధ్యమం ఉర్దూ నుంచి ఆంగ్లానికి మారింది. ఉర్దూ చదువుతో ఎదిగిన మధ్యతరగతికి అది అనిశ్చిత కాలం. ఆ మార్పు జరిగిన రెండేళ్ళలోనే అదే నగరానికి చెందిన, అదే సమాజంలోంచి వచ్చిన ఆటగాళ్ళు బొంబాయిలోనూ ఢిల్లీలోనూ దేశంలోని మేటి జట్లను ఓడించారు. 1951లో ఆ నగర ఉపాధ్యాయుడే భారత జట్టుకు శిక్షకుడై ఢిల్లీలో స్వర్ణం అందించారు. కొత్తగా కలిసిన ప్రాంతానికి దేశజీవితంలో గౌరవస్థానం లభించిన సందర్భాలలో ఇది ఒకటి. రాజకీయ చరిత్ర గ్రంథాలలో విలీనం ఒక తేదీతో ముగుస్తుంది. సామాజిక చరిత్రలో అది ఇటువంటి చోట్ల ఏళ్ళ తరబడి సాగింది.

పోలీసు జట్టుకు ఉన్న మరొక పార్శ్వం ఉద్యోగం. నాడు ఫుట్‌బాల్ జీవనోపాధి కాదు. పేద, దిగువ మధ్యతరగతి ఇళ్ళ నుంచి వచ్చిన కుర్రవాళ్ళకు పోలీసు శాఖలో కొలువు నెలజీతాన్ని, సాధనకు వెసులుబాటును ఇచ్చింది. ఒకే జట్టు ఏళ్ళ తరబడి కలిసి ఆడటం వల్ల ఒకరి కదలికను మరొకరు చూడకుండానే పసిగట్టే అవగాహన ఏర్పడింది. రహీం పద్ధతి వేళ్ళూనుకోవడానికి ఈ స్థిరత్వం ఎంతో తోడ్పడింది. పద్ధతి ఎంత గొప్పదైనా దానిని అభ్యసించేవారికి రేపటి భోజనం గురించిన దిగులు లేకుండా ఉండాలి.

4. రహీం శిక్షణ పద్ధతి: బోధనాశాస్త్ర దృష్టి

రహీం తన పద్ధతిని గ్రంథరూపంలో నిలపలేదు. ఆయన శిష్యుల జ్ఞాపకాల ద్వారా, ఆయన జట్లు ఆడిన తీరు ద్వారా మాత్రమే దానిని పునర్నిర్మించవలసి ఉంటుంది. ఆ ఆధారాలను పరిశీలిస్తే మూడు లక్షణాలు స్పష్టమవుతాయి.

4.1 నియమం ద్వారా నేర్పడం

ఆనాటి మన ఆటగాళ్ళలో బంతిని కాలికి అంటిపెట్టుకొని ఒకరి తరువాత ఒకరిని తప్పించుకుంటూ పోయే డ్రిబ్లింగ్ నైపుణ్యం మెండు. ప్రేక్షకులకూ అదే ఇష్టం. బలమైన ప్రత్యర్థి ఎదురైనప్పుడు మాత్రం ఆ ఆట కొద్దిసేపటికే చిక్కుబడిపోయేది. ‘డ్రిబ్లింగ్ తగ్గించండి, పాస్ ఇవ్వండి’ అని ఉపన్యసించడం వల్ల ఫలితం ఉండదని రహీం గ్రహించారు. డ్రిబ్లింగ్ నిషిద్ధమైన పోటీలను నిర్వహించారు. అటువంటి పోటీలో బంతి అందుకున్న ఆటగాడికి తోటివాడు ఎక్కడున్నాడో వెతకడం తప్పనిసరి. బంతి లేనివాడికి ఖాళీ చోటులోకి పరుగెత్తడం తప్పనిసరి. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు కూడా ఆయన ఆలోచనే. కుడికాలి వాటమున్నవాడు ఎడమకాలితో ఆడినప్పుడు మొదట నవ్వులపాలవుతాడు, కొన్ని వారాలకు రెండు కాళ్ళూ అలవడతాయి.

దీనిని బోధనాశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, విద్యార్థి దోషాన్ని ఎత్తిచూపడానికి బదులు ఆ దోషానికి తావులేని అభ్యాసాన్ని రూపొందించడం. మంచి వ్యాకరణ ఉపాధ్యాయుడు తప్పుల పట్టిక ఇవ్వడానికి బదులు ఒప్పు రాయక తప్పని వాక్యాలను ఇస్తాడు. రహీం మైదానంలో చేసిన పని అదే. సంఘ కార్యదర్శి కావడం వల్ల ఈ నియమాలను ఒక్క జట్టు సాధనకు పరిమితం చేయకుండా నగరంలోని పోటీలలో ప్రవేశపెట్టగలిగారు.

4.2 ఆటను అధ్యయనవస్తువుగా చూడడం

నాటి మన జట్లు ఎక్కువగా ఇద్దరు రక్షకులు, ముగ్గురు మధ్యక్రీడాకారులు, ఐదుగురు దాడిచేసేవారు ఉండే పాత అమరికలో ఆడేవి. దేశీయ పోటీలలో ఆట 90 నిమిషాలకన్నా తక్కువ సేపు సాగేది. చాలామంది బూట్లు లేకుండానే ఆడేవారు. ప్రపంచంలో ఆట వేగంగా మారుతున్నది. 1953 నవంబరులో హంగరీ జట్టు వెంబ్లీ మైదానంలో ఇంగ్లండును 6–3 గోల్సుతో ఓడించింది. ఆ జట్టు సెంటర్ ఫార్వర్డ్ హిదెగ్‌కుటి ప్రత్యర్థి గోలు దగ్గర నిలబడకుండా వెనక్కి వచ్చి ఆడటంతో, అతణ్ణి వెంబడించాలో లేదో తేల్చుకోలేక ఇంగ్లండు రక్షణ చెదిరిపోయింది. 1958 ప్రపంచకప్‌లో బ్రెజిల్ 4–2–4 అమరికతో విజేత అయ్యింది.

రహీం ఈ పరిణామాలను శ్రద్ధగా అనుసరించారు. వెనక్కి వచ్చి ఆడే సెంటర్ ఫార్వర్డ్ పాత్రను భారత జట్టుకు అలవాటు చేశారు. 1950ల చివరినాటికి 4–2–4 వైపు మళ్ళారు. టెలివిజన్ ప్రసారాలు లేని కాలంలో, విదేశీయానం అరుదైన కాలంలో, హైదరాబాదులోని ఒక బడి ఉపాధ్యాయుడు ప్రపంచంలోని మేటి ఆలోచనలను కొద్ది సంవత్సరాలలోనే తన శిష్యులకు అందించడం అసాధారణమైన విషయం. పైగా ఆయన దానిని అనుకరణగా మిగల్చలేదు. మన ఆటగాళ్ళ శరీరదారుఢ్యం యూరప్ వారితో సరితూగదని తెలిసి, ఢీకొట్టే ఆటకు బదులు నేలమీద చిన్న పాస్‌లతో, వేగంగా చోటు మార్చుకునే ఆటను ఎంచుకున్నారు.

4.3 విద్యార్థి పరిస్థితిని తెలుసుకోవడం

సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం (1936–2023) ప్రతిభను రహీం గుర్తించారు. సాధనకు నగరానికి రావడానికి ఆ కుర్రవాడి దగ్గర డబ్బు లేదు. సైకిలు అద్దెకు కావలసిన సొమ్మును రహీం ఇచ్చేవారని బలరాం తన జీవితాంతం చెప్పుకున్నారు. ఆ బాలుడే 1956, 1960 ఒలింపిక్స్‌లో ఆడి, రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేశాడు.

ఈ సంఘటనను దయాగుణానికి నిదర్శనంగా చెప్పి ఊరుకోవచ్చు. విద్యార్థి ఎందుకు రావడం లేదో విచారించడం బోధనలో భాగమని నమ్మిన ఉపాధ్యాయుని వైఖరి అందులో ఉన్నదనడం మరింత సముచితం. ఇంకొక అంశం కూడా ఈ వైఖరికి చెందినదే. రహీం కుమారుడు సయ్యద్ అబ్దుల్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు. తండ్రి శిక్షకుడు. అయినా ఆ పోటీలలో ఒక్క ఆటలోనూ హకీం మైదానంలోకి దిగలేదు.

5. దేశ జట్టు: పరాజయం నేర్పిన పాఠం

1951 మార్చిలో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. శైలేన్ మన్నా నాయకత్వంలోని భారత జట్టు ఇండోనేషియాను, అఫ్గానిస్తాన్‌ను 3–0 తేడాతో ఓడించి, ఫైనల్లో షియో మేవాలాల్ చేసిన ఏకైక గోలుతో ఇరాన్‌పై గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో చిత్తుగా ఓడింది. చల్లని వాతావరణంలో ఉత్తకాళ్ళతో ఆడిన మన జట్టు, బూట్లతో శాస్త్రీయంగా సిద్ధమై వచ్చిన ప్రత్యర్థి ముందు నిలువలేకపోయింది.

ఒక శిక్షకుని స్థాయి తెలిసేది ఇటువంటి ఓటమి తరువాతనే. ఆ పరాజయం తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు ధరించడాన్ని తప్పనిసరి చేసింది. ఆట తీరులో మార్పు భారం శిక్షకులపై పడింది. నాలుగేళ్ళ తరువాత, 1956 డిసెంబరు 1న మెల్‌బోర్న్‌లో భారత జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు చేరిన తొలి ఆసియా జట్టు అదే. సెమీఫైనల్లో మళ్ళీ ఎదురైనది యుగోస్లావియా. ఈసారి మొదటి గోలు భారత్‌ది. చివరకు 4–1 తేడాతో ఓడినప్పటికీ, హెల్సింకీ ఆటతో పోలిస్తే ఆ దూరం ఎంత తగ్గిందో అర్థమవుతుంది. మూడో స్థానం కోసం జరిగిన ఆటలో బల్గేరియా 3–0 తేడాతో గెలిచింది. ఆ ఒలింపిక్ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం హైదరాబాదు ఫుట్‌బాల్‌లో ఎదిగినవారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా సికింద్రాబాదు క్లబ్బులలోనే ఆట మొదలుపెట్టారు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో పి.కె. బెనర్జీ నాయకత్వంలోని జట్టు హంగరీతో 2–1, పెరూతో 3–1 తేడాతో ఓడి, ఫ్రాన్సుతో 1–1 సమంగా నిలిచింది. తొలి దశలోనే వెనుదిరిగినప్పటికీ బలమైన యూరప్ జట్లకు దీటుగా ఆడింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత జట్టు ఆడటం అదే చివరిసారి.

6. జకార్తా, 1962

రహీం జీవితకృషికి పరాకాష్ఠ 1962 జకార్తా ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా ప్రభుత్వం ప్రవేశం నిరాకరించింది. భారతీయ క్రీడాధికారి జి.డి. సోంధీ దీనిని ఆక్షేపించడంతో జకార్తాలో భారతదేశం మీద ఆగ్రహం చెలరేగింది. భారత రాయబార కార్యాలయం ముందు నిరసనలు జరిగాయి. మైదానంలో భారత ఆటగాళ్ళకు హేళన ఎదురయ్యింది. అప్పటికే రహీం ఆరోగ్యం క్షీణిస్తున్నది.

మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2–0 తేడాతో ఓటమి. ఆ తరువాత థాయిలాండ్‌పై 4–1, జపాన్‌పై 2–0, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3–2 తేడాతో విజయం. థాయిలాండ్‌తో ఆడినప్పుడు వెనుక రక్షణకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆ గాయంతో రక్షకునిగా ఆడటం కష్టం. రహీం అతణ్ణి పక్కన పెట్టకుండా దాడిచేసే స్థానంలోకి మార్చారు. సెప్టెంబరు 4న సెనయాన్ మైదానంలో సుమారు లక్షమంది ప్రేక్షకుల నడుమ ఫైనల్ జరిగింది. ప్రత్యర్థి మళ్ళీ దక్షిణ కొరియా. పి.కె. బెనర్జీ మొదటి గోలు, కొద్ది నిమిషాలకే జర్నైల్ సింగ్ రెండో గోలు చేశారు. చివరి నిమిషాలలో కొరియా ఒక గోలు చేసినా భారత్ 2–1 తేడాతో స్వర్ణం గెలిచింది.

రక్షకుణ్ణి ముందుకు పంపడాన్ని చాలామంది సాహసంగా వర్ణిస్తారు. శిక్షకుని దృష్టితో చూస్తే అది పన్నెండేళ్ళ బోధన ఫలితం. ప్రతి ఆటగాడూ తన స్థానంతో పాటు ఆట మొత్తాన్ని అర్థం చేసుకున్నప్పుడే అటువంటి మార్పు సాధ్యం. మొదటి ఆటలో ఓడించిన జట్టునే తొమ్మిది రోజుల తరువాత ఓడించడం కూడా, పరాజయాన్ని పాఠంగా చదివే అలవాటుకు మరొక ఉదాహరణ. ఫైనల్ ముందు ఆటగాళ్ళతో ఆయన మాట్లాడిన మాటలను శిష్యులు దశాబ్దాల పాటు గుర్తుచేసుకున్నారు. తనకు ఒక కానుక కావాలని, అది స్వర్ణమని ఆయన అడిగారన్నది వారి జ్ఞాపకాల సారాంశం. తొమ్మిది నెలల తరువాత, 1963 జూన్ 11న క్యాన్సర్ వ్యాధితో రహీం కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు.

7. వారసత్వం: నిలిచినది, నిలవనిది

7.1 వ్యక్తులలో నిలిచిన విద్య

రహీం వారసత్వం మొదట ఆయన శిష్యులలో కనిపిస్తుంది. పి.కె. బెనర్జీ తరువాతి కాలంలో కలకత్తా క్లబ్బులకు, దేశ జట్టుకు శిక్షకుడై, మాటలతో ఆటగాళ్ళను ఉత్తేజపరచడంలో పేరుగాంచారు. ఆ విద్యకు గురువుగా రహీంనే చెప్పుకున్నారు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో భారత్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచింది. ఆయన ఆ తరువాత శిక్షకుడిగా ద్రోణాచార్య పురస్కారం పొందారు. హకీం అంతర్జాతీయ రిఫరీగా, శిక్షకుడిగా పనిచేసి 2021లో మరణించారు. శిక్షకులను గౌరవించే ద్రోణాచార్య పురస్కారం 1985లో, అంటే రహీం మరణించిన 22 సంవత్సరాలకు మొదలయ్యింది.

7.2 సంస్థలో నిలవని పద్ధతి

రహీం మరణానంతరం వైభవం ఒక్కసారిగా అంతరించలేదు. 1964 ఆసియా కప్‌లో భారత్ రెండో స్థానంలో నిలిచింది. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965–66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. కానీ ఆ తరువాతి దశాబ్దాలలో ఇటు హైదరాబాదు, అటు దేశ జట్టు క్రమంగా వెనుకబడ్డాయి. దీనికి ఒక మనిషి మరణాన్నే కారణంగా చూపడం చరిత్రను సరళీకరించడమే అవుతుంది. జపాన్, కొరియా వంటి దేశాలు ఆటను వ్యవస్థీకరించాయి. కలకత్తా క్లబ్బులు హైదరాబాదు ప్రతిభను ఆకర్షించాయి. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళారు. క్రికెట్ ఆదరణ పెరిగింది. నగరం విస్తరించి, ఆడుకునే ఖాళీ స్థలాలు తగ్గాయి.

అయితే ఈ కారణాలన్నీ బయటివి. లోపలి కారణం ఒకటి ఉన్నది. రహీం పద్ధతి ఆయన వ్యక్తిత్వంలోనూ, ఆయన మాటలోనూ ఉండిపోయింది. డ్రిబ్లింగ్ నిషిద్ధ పోటీల వంటి ఆలోచన పాఠ్యక్రమంగా మారలేదు. శిక్షకులకు శిక్షణ ఇచ్చే కేంద్రం ఆయన పేరున, ఆయన పద్ధతితో వెలయలేదు. బడి, సంఘం, పోలీసు జట్టు అనే మూడింటిని కలిపి ఉంచిన లంకె ఆయనే కావడంతో, ఆయనతో ఆ లంకె తెగింది. ఏ పాత్రల కలయిక ఆయన బలమయ్యిందో, అదే వారసత్వానికి బలహీనత కూడా అయ్యింది.

7.3 భాష, జ్ఞాపకం

రహీం విద్య మౌఖికం. అది ఉర్దూలో, దక్కనీలో, హిందుస్తానీలో సాగింది. ఆయనను చూసిన తరం దాదాపు కనుమరుగయ్యింది. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి 2020లో, హకీం 2021లో, బలరాం 2023లో మరణించారు. వీరి జ్ఞాపకాలు పత్రికా సంభాషణలలో చెల్లాచెదురుగా ఉన్నాయి. పేరు ప్రఖ్యాతులు రాని ఎందరో ఆటగాళ్ళ, పాఠశాల విద్యార్థుల కుటుంబాలలో మిగిలిన జ్ఞాపకాలు ఇంకా సేకరించవలసి ఉన్నది. జానపద విజ్ఞానంలో క్షేత్రపరిశోధన చేసిన అనుభవం తెలుగు శాఖలకు దండిగా ఉన్నది. కథనాన్ని రాబట్టడం, పాఠాంతరాలను పోల్చడం, కథకుని సందర్భాన్ని నమోదు చేయడం మనకు కొత్త కాదు. ఆ పనిముట్లనే ఉర్దూ శాఖల సహకారంతో నగర క్రీడాచరిత్రకు వినియోగించవచ్చు.

8. ముగింపు

పై చర్చ నుంచి ఈ క్రింది అంశాలను గుర్తించవచ్చు.

1. రహీం శిక్షకత్వానికి మూలం ఆయన ఉపాధ్యాయవృత్తి. దోషాన్ని నియమం ద్వారా సవరించడం, ఆటను అధ్యయనం చేయడం, విద్యార్థి పరిస్థితిని తెలుసుకోవడం ఆ పద్ధతి ప్రధాన లక్షణాలు.

2. ఉస్మానియా విశ్వవిద్యాలయం, సిటీ కాలేజి, పాఠశాలలు, స్థానిక క్లబ్బులు, పోలీసు శాఖ కలిసి ఆ పద్ధతికి నేల సిద్ధం చేశాయి. ఈ సంస్థలను విస్మరించి రహీంను ఒంటరి మేధావిగా చిత్రించడం అసమగ్రం.

3. 1948 తరువాతి హైదరాబాదు సామాజిక చరిత్రకు సిటీ పోలీస్ జట్టు విజయాలు విలువైన ఆకరం. ఒక ప్రాంతం, ఒక భాషాసమాజం కొత్త దేశజీవితంలో తన స్థానాన్ని ఎలా సంపాదించుకున్నదో అవి తెలుపుతాయి.

4. పద్ధతి లిఖితరూపం, సంస్థారూపం పొందకపోవడం వారసత్వం సన్నగిల్లడానికి ముఖ్యమైన అంతర్గత కారణం.

ఈ నాలుగో అంశం క్రీడకు మాత్రమే పరిమితమైనది కాదు. మన కళాశాలలలో గొప్పగా బోధించి, ఆ బోధనను ఎక్కడా నమోదు చేయకుండానే పదవీవిరమణ చేసినవారు ప్రతి శాఖలోనూ ఉన్నారు. వారి విద్య శిష్యుల తరంతోనే ముగిసిపోతున్నది. రహీం పేరున పోటీలు నిర్వహించడం, విగ్రహాలు నెలకొల్పడం గౌరవమే. ఆయన పనిచేసిన పాఠశాలల రికార్డులను, హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం పాత పత్రాలను, నాటి ఉర్దూ పత్రికలలోని క్రీడావార్తలను వెతికి సంకలనం చేయడం అంతకన్నా మన్నికైన గౌరవం. బలహీనమైన కాలితో ఆడించిన ఆ ఉపాధ్యాయుని ఆలోచన నేటి వ్యాయామవిద్య తరగతిలో ఒక అభ్యాసంగా తిరిగి చోటు సంపాదించుకున్ననాడు ఆయన వారసత్వం సంస్థారూపం పొందడం మొదలవుతుంది.